ఏడు రోజులకోసారి అదే ప్రశ్న

తెల్లవారి ఆరు దాటింది. ప్రభుత్వ మానసిక వైద్యశాల ఆవరణలో వేపచెట్టు కింద సిమెంటు బల్ల మీద కూర్చున్నారు మీరు. ఓపీ చీటీల కిటికీ ఇంకా తెరవలేదు. రాత్రే వచ్చి వరండాలో పడుకున్నవాళ్ళు దుప్పట్లు మడుస్తున్నారు. గేటు బయట టీ బండివాడు స్టవ్వు వెలిగించాడు. ముందు పాట వినిపిస్తుంది. పాత సినిమా పాట. పాడే గొంతు బొంగురుపోయింది. ఆ తర్వాత ఆటో కనిపిస్తుంది. క్యాజువాల్టీ ముందు అది ఆగీ ఆగకముందే ఒక పెద్దావిడ దిగింది. చేతిలో ప్లాస్టిక్ సంచీ, అందులో రెండు నైటీలు, ఒక టవలు, పాత మందుల చీటీలు. వెనకే ముప్పై అయిదేళ్ళ మగమనిషి. ఆఖర్న ఆ పాట పాడుతున్న అమ్మాయి. ఆమె రెండు చేతులూ చున్నీతో కట్టేసి ఉన్నాయి.

ఆ అమ్మాయి పేరు మీకు చెప్పను. ఊరూ చెప్పను, ఆసుపత్రి పేరూ చెప్పను. ఆమె ఒక్క మనిషి కాదు, ఇలాంటి బల్లల మీద కూర్చుంటే కనిపించే చాలామందిని కలిపి నేను చేసుకున్న మనిషి. నిజంగా ఉన్న మనిషే అయినా పేరు చెప్పే హక్కు నాకు లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షను ఆమె జబ్బు సంగతులు గుట్టుగా ఉంచమంటుంది. 24వ సెక్షను ఆమె ఒప్పుకోకుండా ఫొటో కూడా పత్రికకు ఎక్కనివ్వదు.

మీరు లేచి వాళ్ళ వెనకే లోపలికి వెళ్ళండి. డ్యూటీ డాక్టరు పీజీ రెండో ఏడు చదువుతున్న అమ్మాయి. రాత్రంతా నిద్ర లేదని కళ్ళు చెబుతున్నాయి.

"ముందు ఆ చున్నీ విప్పండి."

"విప్పితే ఆగదండి మేడమ్. రాత్రి డాబా పిట్టగోడ ఎక్కేసింది. ఎగరగలనంటుంది."

"మావాళ్ళు పక్కనే ఉంటారు. విప్పండి."

ముడి బిగుసుకుపోయింది. తల్లి పళ్ళతో లాగి విప్పింది. మణికట్ల మీద ఎర్రటి చారలు. డాక్టరు వాటిని కేసుషీటులో రాసుకుంటుంటే అన్న గోడకేసి చూస్తున్నాడు. డాక్టరు అమ్మాయివైపు తిరిగి "మీ పేరేంటండీ?" అంది. అన్న చెప్పేశాడు.

"ఆవిణ్ణి చెప్పనివ్వండి."

ఇది చిన్న సంగతిగా కనిపిస్తుంది గానీ కాదు. మన ఇళ్ళలో జ్వరమొచ్చిన మనిషికి ఏం పెట్టాలో కూడా పక్కనున్నవాళ్ళనే అడుగుతాం. మనసు బాగోలేని మనిషినైతే అడగడమన్న ఆలోచనే రాదు. ఈ చట్టం మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే: ప్రశ్న ముందు ఎవరికి వెయ్యాలో అది తేల్చి చెప్పింది. జవాబు సరిగ్గా రాకపోతే కొన్నాళ్ళాగి మళ్ళీ ఆ మనిషినే అడగమంది.

జవాబు సరిగ్గా రాలేదు. "నా పేరు రేపు పేపర్లో చూసుకోండి. మా క్లాసు పిల్లలు నలభై మందినీ విమానమెక్కిస్తున్నాను" అంది అమ్మాయి, ఎంతో సంతోషంగా. ఆమె ప్రైవేటు బడిలో మూడో తరగతి టీచరు. అయిదు రాత్రులుగా కునుకు లేదు. చీటీ పాడుకున్న డబ్బంతా టికెట్లకని ఎవరికో ఇచ్చేసింది. రెండేళ్ళ కింద ఒకసారి ఇలాగే అయితే లిథియం వాడారు, బాగుపడింది.

"నాలుగు నెలల కింద మందు మానేసిందండి" అంది తల్లి.

డాక్టరు రాసుకుంది: మందు మానేసింది. ఆ వాక్యం దగ్గర కలం ఆగలేదు, కింది గడిలోకి వెళ్ళిపోయింది. మీరు మాత్రం ఆ వాక్యాన్ని గుర్తు పెట్టుకోండి.

"మీ తరఫున మాట్లాడ్డానికి ఎవరినైనా కాయితం మీద రాసి పెట్టుకున్నారా?" ఈ మాటా ఆమెనే అడిగింది డాక్టరు. రాయలేదు. రాసి ఉంటే ఆ మనిషికి ఫోను వెళ్ళేది. తెల్లకాయితం మీద సంతకమో వేలిముద్రో వేసి ఎవరినైనా నామినేటెడ్ రెప్రజెంటేటివ్‌గా పెట్టుకోవచ్చని 14వ సెక్షను. అలాంటి కాయితం లేనప్పుడు వరసలో ముందుండేది బంధువు. కాబట్టి ఈ పూటకు అన్నే ఆ మనిషి. వార్డులో అందరూ ఎన్నార్ అంటారు. "మీరేనా ఎన్నార్?" అంటే అమెరికానుంచి వచ్చావా అని అడుగుతున్నారనుకుని అతను తడబడ్డాడు.

అత్యవసరంగా ఇంజెక్షను ఇవ్వాలంటే ఆ ఎన్నార్ ఒప్పుకోలు తీసుకుని ఇవ్వొచ్చు, అదీ 72 గంటల వరకే. చేర్చుకోవాలంటే ఆ దారి చాలదు. ఇద్దరు విడివిడిగా పరీక్షించాలి. ఒకరు సైకియాట్రిస్టు అయి తీరాలి, రెండోవారు మామూలు వైద్యులైనా ఫరవాలేదు. పీజీ చదువుతున్న ఈ డాక్టరు చట్టం లెక్కలో ఇంకా సైకియాట్రిస్టు కాదు. అందుకే తొమ్మిదింటికి పెద్ద డాక్టరు వచ్చాక పీజీ బయట నిలబడింది. ఆయన వేరేగా చూడాలి, ఆమె రాసింది చదివి కింద సంతకం పెట్టడం కుదరదు.

అన్న ఈలోగా మనసులో ఒక జాబితా తయారుచేసుకున్నాడు. "రాత్రంతా ఫోనులో ఎవరితోనో మాటలండి. గుడికి రానంటుంది. మొన్న మంచి సంబంధమొస్తే మొహమ్మీదే వద్దంది. పెద్దంతరం చిన్నంతరం లేదు. ఇదంతా జబ్బేగా సార్?"

పెద్ద డాక్టరు రాసింది మూడే: నిద్ర లేకపోవడం, పిట్టగోడ, డబ్బు. మిగిలినవి ఎందుకు రాయడం లేదని అన్నకు అనుమానం. ఒక మనిషి కులాన్నో రాజకీయాన్నో ఆస్తిపాస్తులనో చూసి జబ్బని తేల్చకూడదు, చుట్టూ ఉన్నవాళ్ళ నీతికీ ఆచారానికీ నమ్మకాలకీ ఒదగలేదని జబ్బని తేల్చకూడదు అంటుంది మూడో సెక్షను. సంబంధం వద్దనడం ఆరోగ్యంగా ఉన్న ఆడపిల్ల కూడా చేసే పని. గుడికి వెళ్ళకపోవడమూ అంతే. ఇలాంటి జాబితాలతోనే ఎందరు భార్యలు, ఎందరు తోబుట్టువులు ఆసుపత్రుల్లో తేలారో ఆ గోడలకు తెలుసు. చేసినవాళ్ళందరూ దుర్మార్గులేం కాదు, ఈ అన్నలాంటి బెంగటిల్లినవాళ్ళే ఎక్కువ.

"అమ్మా, మిమ్మల్ని కొన్నాళ్ళు ఇక్కడ ఉంచాలనుకుంటున్నాను. ఎందుకో చెప్తాను. విని, మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి" అన్నాడాయన. చెప్పాడు. ఆమె విన్నది. పిట్టగోడ సంగతి వచ్చేసరికి నవ్వింది. "పడిపోతానని మీరనుకుంటున్నారు. నాకు పడడం ఉండదు."

చెప్పింది అర్థం చేసుకోగలగడం, తన నిర్ణయం వల్ల ఏం జరుగుతుందో గ్రహించగలగడం, ఆ నిర్ణయాన్ని మాటతోనో సైగతోనో తెలపగలగడం. నాలుగో సెక్షను సామర్థ్యాన్ని ఈ మూడింటితో కొలుస్తుంది. వీటి మధ్య 'లేదా' అని రాసినందుకు సైకియాట్రిస్టులకు పెద్ద పేచీయే ఉంది. అక్షరం పట్టుకుని చదివితే వద్దని చెప్పగలిగిన ప్రతివాడికీ సామర్థ్యమున్నట్టే అవుతుంది కదా అంటారు. వాళ్ళ మాటలో న్యాయముంది, అది అజాగ్రత్తగా రాసిన సెక్షనే. అదే సెక్షనులో మరో మాట మాత్రం బంగారంలాంటిది: ఒక మనిషి నిర్ణయం మనకు తప్పుగా తోచినంత మాత్రాన సామర్థ్యం లేదనుకోకూడదు.

ఈ ఉదయానికి ఆమెకు సామర్థ్యం లేదని పెద్ద డాక్టరు రాశాడు. పీజీ కూడా అదే రాసింది. తనకు తాను హాని చేసుకోబోయింది కాబట్టి 89వ సెక్షను కింద చేర్చుకుంటున్నారు. ఎక్కువలో ఎక్కువ 30 రోజులు. ఆడమనిషి కాబట్టి మూడు రోజుల్లో, ఇలాంటి చేరికల మీద అర్జీలు వినే రివ్యూ బోర్డుకు తెలియజేయాలి, మగవాడైతే ఏడు రోజులు.

తల్లి సంచీ గుండెలకు హత్తుకుని నిలబడింది. "మా మావయ్యను కూడా ఇలాగే చేర్చారయ్యా. నేను పరికిణీ కట్టుకునే రోజుల్లో. పోలీసులొచ్చారు, మేజిస్ట్రేటు కాయితమన్నారు. మళ్ళీ రాలేదు. పోయాడని కార్డు ముక్క వచ్చింది."

అప్పుడు నడిచింది 1912 నాటి ఇండియన్ లూనసీ యాక్టు. మేజిస్ట్రేటు ఉత్తర్వుతో మనిషి లోపలికి వెళ్ళేవాడు. బయటికి రావడమన్నది బయటివాళ్ళ దయ. స్వాతంత్ర్యం వచ్చి నలభై ఏళ్ళయ్యాక 1987లో కొత్త చట్టం చేశారు, అది అమలయ్యేసరికి 1993 ఏప్రిల్ వచ్చింది. అందులోనూ రెండు డాక్టరు సర్టిఫికెట్లు, ఒక బంధువు అర్జీ ఉంటే 90 రోజులు ఉంచేయవచ్చు. 2007లో వికలాంగుల హక్కుల ఒడంబడికకు మన దేశం ఒప్పుకున్నాక ఆ పద్ధతి నిలవలేదు. పదేళ్ళకు ఇప్పటి చట్టం వచ్చింది.

ఈ చరిత్రంతా పెద్ద డాక్టరు ఆవిడకు చెప్పలేదు. "వారం వారం మీ అమ్మాయినే అడుగుతామమ్మా. ఆవిడ చెప్పగలిగిన రోజున మేం ఉంచలేం" అన్నాడు.

రాత్రి పదకొండు. మీరు ఆడవాళ్ళ వార్డులో ఉన్నారు. ఫినాయిలు వాసన, ఫ్యాన్ల చప్పుడు. ఒక సిస్టరు, ఇద్దరు ఆయాలు. మంచాలన్నీ నిండి ఉన్నాయి. కొందరు తమ చీరల్లోనే ఉన్నారు, కొందరు నైటీల్లో. యూనిఫారం వేసుకోమని బలవంతపెట్టకూడదు. ఒక ముసలావిడ తలనిండా పేలు. పూర్వమైతే పొద్దున్నే మంగలి వచ్చి వరసగా అందరికీ గుండు గీసి వెళ్ళేవాడు. ఇప్పుడు 20వ సెక్షను దాన్ని పేరుపెట్టి మరీ వద్దంది. అందుకని ఒక ఆయా మందు రాసి, పేలదువ్వెనతో పాయ పాయ తీసి దువ్వుతోంది. విసుక్కుంటూనే దువ్వుతోంది.

పక్క మంచం మీది పిల్ల పురుగుమందు తాగి పెద్దాసుపత్రిలో బతికి, అక్కణ్ణుంచి ఇక్కడికొచ్చింది. సాయంత్రం ఒక కానిస్టేబులు వచ్చి కేసు పెట్టాలా అని అడిగి వెళ్ళాడు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, ప్రభుత్వం ఆ మనిషిని చూసుకోవాలి అని 115వ సెక్షను చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోకి, ఆత్మహత్యాయత్నం నేరమన్న పాత శిక్షాస్మృతి 309వ సెక్షను రానే లేదు. ప్రభుత్వోద్యోగిని అడ్డుకోవడానికో లొంగదీయడానికో ఆత్మహత్యాయత్నం చేస్తే మాత్రమే అది నేరం. కానిస్టేబులుకు అది తెలియకపోవడం వింతేమీ కాదు, నూట అరవై ఏళ్ళ అలవాటు.

మన టీచరమ్మ ఇంకా పడుకోలేదు. పాటలయ్యాయి, పాఠాలు మొదలయ్యాయి. నిద్రపోతున్నవాళ్ళను లేపి ఎక్కాలు చెప్పిస్తోంది. పదకొండున్నరకు కిటికీ ఊచలకు తల కొట్టుకోవడం మొదలుపెట్టింది. పట్టుకోబోయిన ఆయా చేతిని కొరికింది.

"కట్టేద్దాం సిస్టర్. ముగ్గురం చాలం."

సిస్టరు వెంటనే ఊ అనలేదు. చాలకపోవడం కట్టడానికి కారణం కాకూడదని 97వ సెక్షను సరిగ్గా ఈ వార్డును చూసి రాసినట్టు ఉంటుంది. సిబ్బంది తక్కువని కట్టకూడదు, బుద్ధి చెప్పడానికి కట్టకూడదు. అప్పటికప్పుడు ముంచుకొచ్చే హానిని ఆపడానికి మరే దారీ లేనప్పుడే, సైకియాట్రిస్టు అనుమతితో, అవసరమైనంత సేపే. గదిలో ఒంటరిగా వేసి గడియ పెట్టడం అసలే కుదరదు.

సిస్టరు మొదట నీళ్ళిచ్చింది. మంచాన్ని కిటికీకి దూరంగా జరిపించింది. లైటు తీసేసింది. "టీచరుగారూ, నాకూ ఒక ఎక్కం చెప్పండి" అంది. రెండు నిమిషాలు పనిచేసింది. మళ్ళీ తల, ఊచలు. నుదుటి మీద నెత్తురు చూశాక ఫోను చేసింది. డ్యూటీ సైకియాట్రిస్టు వచ్చి చూసి సరేనన్నాడు. మెత్తటి గుడ్డ పట్టీలతో కట్టి హాలోపెరిడాల్, ప్రోమెథజీన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. ఆయా ఆ పక్కనే స్టూలు మీద కూర్చుంది. రిజిస్టరులో సమయం, కారణం, ఎవరు అనుమతించారు, ఎప్పుడు విప్పారు అన్నీ రాశారు. ఇరవై నిమిషాలకు ఆమె కళ్ళు మూతలు పడుతుండగా విప్పేశారు. అన్నకు 24 గంటల్లో చెప్పాలి. సిస్టరు అప్పుడే చెప్పేసింది.

పొద్దున అన్న కట్టిన చున్నీకీ రాత్రి వీళ్ళు కట్టిన పట్టీకీ తేడా ఏమిటని మీరు అడగవచ్చు. కట్టించుకున్న మనిషికి పెద్ద తేడా ఉండదు. నిజం అంతే. తేడా అంతా కట్టినవాడు రేపు జవాబు చెప్పుకోవాలా వద్దా అన్నదాంట్లో ఉంది. జవాబు చెప్పుకునే అవసరం లేని కట్లు ఎక్కడికి పోతాయో తమిళనాడులోని ఏర్వాడి చూపించింది. రామనాథపురం జిల్లాలో దర్గా ఉన్న ఊరది. జబ్బు నయమవుతుందని జనం మనుషుల్ని తెచ్చి అక్కడి ప్రైవేటు 'మెంటల్ హోము'ల్లో వదిలేవాళ్ళు. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున మొయిదీన్ బాదుషా మెంటల్ హోము పాకలకు మంటలంటుకున్నాయి. లోపల మనుషులు గొలుసులతో కట్టేసి ఉన్నారు. పరుగెత్తలేకపోయారు. సుప్రీంకోర్టు తనంతట తానే చేపట్టిన కేసు పేరులోనే ఉంది, గొలుసుల్లో చనిపోయినవాళ్ళు 25 మంది అని. తర్వాత ఆ లెక్క 28కి చేరింది. ఇవాళ్టి చట్టం 95వ సెక్షనులో నిషేధాలున్నాయి: మత్తు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా షాకు చికిత్స చేయకూడదు. వైద్యం పేరుతో స్టెరిలైజేషను చేయకూడదు. ఏ విధంగానైనా సరే గొలుసుతో కట్టకూడదు. ఆఖరిదానికి మినహాయింపు లేదు, సైకియాట్రిస్టు అనుమతి కూడా చెల్లదు.

నాలుగో రోజు మధ్యాహ్నం వార్డు ఫోను మోగింది. "నేను ఆ అమ్మాయి బాబాయినండి. మా పిల్ల అక్కడుందట, ఎలా ఉందో కనుక్కుందామని." మాట తీరు చూస్తే బాబాయి కాదని సిస్టరుకు తెలిసిపోయింది. "ఇక్కడ ఎవరున్నారో ఎవరు లేరో ఫోనులో చెప్పమండి" అని పెట్టేసింది. అవతలివాళ్ళు మొన్నటి సంబంధంవాళ్ళని తర్వాత తేలింది. తల్లికి ఊపిరి వచ్చినట్టయింది. వెంటనే "రేపు వాళ్ళు నేరుగా వచ్చి అడిగితే, జ్వరమని చెప్పండి డాక్టరుగారూ" అంది. పీజీ తల అడ్డంగా ఊపింది. అబద్ధం చెప్పదు, నిజమూ చెప్పదు. ఆ నిజం చెప్పాలా వద్దా, ఎవరికి, ఎప్పుడు అన్నది అమ్మాయి తేల్చుకోవాలి. తల్లికి ఈ జవాబు నచ్చలేదు. పెళ్ళి కావలసిన పిల్ల తల్లికి నచ్చాలని ఆశించడమూ న్యాయం కాదు.

ఏడో రోజు. అదే గది, అదే ప్రశ్న. "మిమ్మల్ని ఇక్కడ ఎందుకు ఉంచాం?"

ఇప్పుడామె రాత్రిళ్ళు అయిదారు గంటలు నిద్రపోతోంది. మాట నెమ్మదించింది. "నేను డాబా మీద గోడెక్కానని. ఎక్కాను. అందరూ అదేదో పెద్ద సంగతి చేస్తున్నారు."

"ఇప్పుడు ఇంటికెళ్ళి మందు మానేస్తే?"

"ఏమీ కాదు. హాయిగా ఉంటుంది."

పెద్ద డాక్టరు ఇంకా కాదని రాశాడు. చట్టంలో ఇక్కడో విచిత్రమైన మాట ఉంది: నిర్ణయానికి దాదాపు నూటికి నూరుపాళ్ళు సాయం అవసరమైతేనే ఎన్నార్ తాత్కాలికంగా ఆమె బదులు ఒప్పుకోలు ఇవ్వొచ్చు. ఇస్తే ఏడు రోజులకోసారి ఆమె సామర్థ్యాన్ని మళ్ళీ చూసి తీరాలి. పాళ్ళు ఎలా కొలుస్తారో చట్టం చెప్పలేదు.

"అయితే నేను బోర్డుకు రాస్తాను" అంది ఆమె. సిస్టరు తెల్లకాయితం, కలం తెచ్చి ఇచ్చింది. ఎవరి మీద అర్జీ పెడుతుందో వాళ్ళ చేతే కాయితం ఇప్పించే చట్టం ఇది. అన్నకు మాత్రం తల తిరిగిపోయింది. "పిచ్చిదాని అర్జీ జడ్జి చదువుతాడా?"

చదివాడు. ఇలాంటి అర్జీని ఏడు రోజుల్లో తేల్చాలి. పదమూడో రోజున ఆసుపత్రి మీటింగు హాలులో బల్లలు జరిపి బోర్డు కూర్చుంది. చట్టం అమల్లోకి వచ్చింది 2018 మే 29న గానీ, చాలా రాష్ట్రాల్లో ఈ బోర్డులు ఏళ్ళ తరబడి కాయితం మీదే ఉండిపోయాయి. బోర్డు లేని చోట ఈ అమ్మాయి అర్జీ డ్రాయరులో ఉండేది. ఇక్కడ ఉంది కాబట్టి చూడండి: అధ్యక్ష స్థానంలో జిల్లా జడ్జిగా చేసి రిటైరైన పెద్దాయన. కలెక్టరు తరఫున ఒక అధికారి. ఒక సైకియాట్రిస్టు, ఒక మామూలు వైద్యుడు. మరో ఇద్దరు చట్టం ప్రకారం జబ్బు అనుభవించినవాళ్ళో, అలాంటివాళ్ళను చూసుకునేవాళ్ళో, ఈ రంగంలో పనిచేసే సంస్థలవాళ్ళో అయి ఉండాలి. ఆ కుర్చీల్లో ఒకదానిలో చొక్కా జేబులో మాత్రల డబ్బా కనబడుతున్న ఒకాయన కూర్చున్నాడు. ఇరవై ఏళ్ళుగా వాడుతున్నాడట. అమ్మాయి తరఫున ఉచిత న్యాయసహాయం నుంచి ఒక లాయరు వచ్చింది.

డాక్టర్లు చెప్పారు. లాయరు చెప్పింది. అన్న కూడా ఏదో చెప్పబోయి గొంతు పట్టేసి ఊరుకున్నాడు. జడ్జిగారు కళ్ళజోడు సర్దుకుంటుండగా మాత్రల డబ్బా ఆయన అడిగాడు. "అమ్మా, లిథియం ఎందుకు మానేశావు?"

"చెయ్యి వణికేది సార్. నల్లబల్ల మీద రాస్తుంటే అక్షరాలు వంకరపోయేవి. పిల్లలు నవ్వేవాళ్ళు. ఒకరోజు హెడ్మాస్టరు 'ఏమ్మా, ఒంట్లో బాగాలేదా, ఇంకేమైనానా' అన్నాడు. చిన్నపిల్లలకు రాత నేర్పేదాన్ని నేను. నా రాత పోతే ఇంకేముంది?"

కేసుషీటు పేజీలు తిరిగాయి. పదమూడు రోజుల కాయితాల్లో మందు మానేసిందని మూడు చోట్ల ఉంది, ఎందుకన్నది ఒక్కచోటా లేదు. ఆమెనే అడగాలని ఇంత నియమంగా ఉన్నవాళ్ళు కూడా ఆ ఒక్క మాట అడగలేదు. పీజీ ముఖం ఎర్రబడింది. లిథియం వాడేవాళ్ళలో చెయ్యి వణకడం కొత్త సంగతి కాదు, దానికి విరుగుళ్ళూ ఉన్నాయి. మానేసినప్పుడే ఎవరైనా అడిగి ఉంటే నాలుగు నెలల కిందటే సరిపోయేది.

బోర్డు ఆమెను వదలలేదు. చేర్చుకున్న తీరు చట్టప్రకారమే ఉందంది, చికిత్సలో ఆమె చెప్పిన కారణాన్ని లెక్కలోకి తీసుకోమంది. అర్జీ ఓడిపోయినా అమ్మాయి హాల్లోంచి తల ఎత్తుకునే బయటికి వచ్చింది.

మర్నాడు పద్నాలుగో రోజు. ప్రశ్న మారలేదు గానీ ఈసారి పెద్ద డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. లిథియం మోతాదు తగ్గించి, వణుక్కి ప్రొప్రనొలాల్ కొద్దిగా ఇవ్వడం ఒక దారి. రక్తంలో లిథియం ఎంత ఉందో, కిడ్నీ, థైరాయిడ్ ఎలా ఉన్నాయో అప్పుడప్పుడు చూసుకోవాలి. వాల్ప్రొయేట్ ఇంకో దారి, దానికి చెయ్యి వణకదని చెప్పలేం. పైగా గర్భం వస్తే కడుపులోని బిడ్డకు బాగా ప్రమాదం. "పెళ్ళే కాలేదు, ఆ మాట పిల్ల ముందెందుకు సార్" అన్నాడు అన్న. "మాత్ర ఆవిడ మింగాలి కదయ్యా" అన్నాడాయన.

"మందు వేసుకుంటే ఏమవుతుంది, మానేస్తే ఏమవుతుంది, మీ మాటల్లో చెప్పండమ్మా."

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "వేసుకుంటే ఆ వెలుగు తగ్గుతుంది. నాకది ఇష్టం సార్, అబద్ధమెందుకు. మానేస్తే మళ్ళీ గోడెక్కుతాను. ఈసారి అన్నయ్య మెలకువగా ఉండకపోవచ్చు."

మందు ఇష్టమని ఆమె అనలేదు. అనక్కర్లేదు. పెద్ద డాక్టరు రాసిన నాలుగు ముక్కలతో 89వ సెక్షను కింద ఉన్న మనిషి కాస్తా తన ఇష్టంతో ఉన్న మనిషి అయింది. చికిత్సకు ఇక ఆమెది తప్ప ఎవరి సంతకమూ అక్కర్లేదు. లేచి వెళ్తానంటే ఆపడానికీ లేదు, మళ్ళీ పరీక్షించాల్సినంత అనుమానం వస్తే 24 గంటలు తప్ప.

"ఇంకో నెల ఉంచండి సార్" అన్నాడు అన్న, ఆమె వినకుండా, వరండాలో. "నాట్లు పడుతున్నాయి. పదిహేను రోజులుగా పొలం మొహం చూడలేదు. ఇంటికి తీసుకెళ్తే అమ్మ ఒక్కతే కాపలా ఉండలేదు." ఈ మనిషిని స్వార్థపరుడనకండి. ఈ చట్టం రోగికి ఇచ్చిన హక్కుల వెనక కూర్చుని అన్నం పెట్టేది ఇలాంటి అన్నలే. వాళ్ళ అలుపు గురించి చట్టంలో పెద్దగా ఏమీ లేదు. కుటుంబాన్ని అనుమానంగా చూస్తుందని దీని మీద వచ్చిన విమర్శను నేను తేలిగ్గా కొట్టిపారేయలేను. అయినా అతని నాట్ల కోసం ఆమెను తాళంలో ఉంచడం ఒప్పుకోలేను. పెద్ద డాక్టరూ ఒప్పుకోలేదు. ఆమే ఆదివారం దాకా ఉంటానంది.

శనివారం సాయంత్రం ఆమె రాసుకోవడానికి కూర్చుంది. ముందస్తు ఆదేశం, అంటే మళ్ళీ సామర్థ్యం పోయిన రోజున తనకు ఏం చెయ్యొచ్చో ఏం చెయ్యకూడదో ఇప్పుడే రాసిపెట్టడం. చట్టంలో అయిదో సెక్షను. డాక్టరుకో బంధువుకో అది నచ్చకపోతే బోర్డుకు వెళ్ళి అడగాలి, పక్కన పడేయడం కుదరదు. సాక్షులుగా సిస్టరు, లాయరమ్మ. రాత కుదురుగా ఉంది.

వణుకు వస్తే మోతాదు ముందు చూడాలి, తర్వాతే తిట్టాలి అని రాసింది. షాకు చికిత్స తప్పనిసరైతే మత్తిచ్చి చేయవచ్చు అని రాసింది, అది చదివి పీజీ ఆశ్చర్యపోయింది. బడివాళ్ళకు ఎవరూ ఏమీ చెప్పకూడదు, తను చెప్పుకుంటుంది. నామినేటెడ్ రెప్రజెంటేటివ్ అన్నచోట తనతో పనిచేసే లెక్కల టీచరు పేరు రాసింది.

అన్న రెండుసార్లు చదివాడు. "పిట్టగోడ మీంచి లాగింది నేను. ఆవిడ అప్పుడెక్కడుంది?"

"నువ్వు లాగావు కాబట్టే ఉన్నాను అన్నయ్యా. కానీ నువ్వు నన్ను చూస్తే భయపడతావు. భయంలో నా తరఫున మాట్లాడలేవు. ఆవిడ భయపడదు."

"అంటే నేనేం కానా?"

పీజీ కల్పించుకుంది. ఆ లెక్కల టీచరు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఒప్పుకున్నా, ఈమె మనసు మారితే ఎప్పుడైనా మార్చుకోవచ్చు. అన్న తలెత్తాడు. "మార్చొచ్చా?"

"ఎప్పుడైనా."

అతను చెల్లెలి వంక చూశాడు. ఆమె డిశ్చార్జి కాయితాలు తిరగేస్తోంది. నెలకు సరిపడా మాత్రలు, వారానికి ఒకసారి, తర్వాత నెలకు ఒకసారి రక్తపరీక్ష. తమ జిల్లాలోనే మానసిక వైద్యం అందాలని 18వ సెక్షను ఇచ్చిన హక్కు ఆ కాయితాల్లో లేదు. ఊరికి బస్సులో నాలుగు గంటలు.

"అది తర్వాత చూద్దాంలే" అంది. "ముందు ఈ లిథియం పరీక్ష మన ఏరియా ఆసుపత్రిలో చేస్తారో లేదో అడుగు. లేకపోతే ప్రతిసారీ ఇక్కడిదాకా రావాలంటే నీ పొలం ఏం కాను?"